ఊపిరి గొట్టం

తెనాలి శివార్లలో ఆ కొత్త ఇల్లు చూడగానే ప్రసన్నలక్ష్మి మనసు పారేసుకుంది. మనిషి నడిస్తే తమంతట తామే వెలిగే లైట్లు, వేలు పెడితే తెరుచుకునే తాళం, హాల్లో కలిసిపోయిన వంటగది, దాని మధ్యలో గ్రానైట్ దిమ్మె. ఈ రోజుల్లో ఇల్లు కొనేవాళ్లంతా అడిగేవే. ఆమెను కట్టిపడేసినవి మాత్రం కిటికీలు. మూస్తే గాలీ దుమ్మూ చొరబడవు. కూతురు చిన్నారి కీర్తనకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. కాస్త దుమ్ము తగిలితే చాలు, పిల్ల ప్రాణం కళ్లలోకి వచ్చేస్తుంది.

ఒక్కటే కంట్లో నలుసు. ఆ స్థలం ఒకప్పుడు పొలం, అందులో బావి ఉండేది. బావి పూడ్చేటప్పుడు అడుగు నుంచి పైదాకా ఒక గొట్టం నిలబెట్టడం ఆ వైపు ఆనవాయితీ. బావికి ఊపిరాడాలంటారు. ఆ గొట్టం సరిగ్గా దిమ్మె పక్కనే పైకి లేచి ఉంది.

"కోసేసి పైన టైలు వేయించండి. వంటగది అందమంతా పోతోంది," అంది భర్త గౌతమ్‌తో. ఆయన వేయించేశాడు.

గృహప్రవేశం నాడు అత్తగారు అంకమ్మ ఆ టైలు చూసింది. "ఊపిరి మూసేసి, దాని నెత్తిన పాలు పొంగించారేంట్రా!" అని కొడుకును కడిగేసి, తనను తన ఊరు రేపల్లెలో దింపి రమ్మని పట్టుబట్టి, అతన్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

సందె వేళ. బయట ముసురు. ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే మిగిలారు. ప్రసన్నలక్ష్మి కిటికీలన్నీ మూసి సోఫాలో నడుం వాల్చింది. కొత్త రంగుల వాసన. వాన చప్పుడు కూడా లోపలికి రావడం లేదు. ఎంత హాయో అనుకుంది.

వంటగదిలో లైటు వెలిగింది.

అక్కడ ఎవరూ లేరు. బల్లేమోలే అనుకుంది. లైటు ఆరి, మళ్లీ వెలిగింది. ఈసారి చప్పుడు... నేల కింద ఎవరో గుండెల నిండా గాలి పీల్చబోయి, పీల్చలేక ఆగిపోయినట్టు. తడి మట్టి, కుళ్లిన నాచు వాసన. కిటికీలు మూసే ఉన్నాయి. పరదాలు మాత్రం వంటగది వైపు లేస్తున్నాయి.

"అమ్మా..." కీర్తన గుసగుసలాడింది. "కింద ఊపిరాడట్లేదంట."

"ఎవరికే?"

"నాది ఇమ్మంటున్నారు..."

పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి. ప్రసన్నలక్ష్మికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయాసం మందు నోట్లో కొట్టింది. గుణం లేదు. ఎత్తుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. తాళం తెరుచుకుంది. తలుపు రాలేదు. ఎంత లాగినా... రాలేదు.

గొట్టం!

పిల్లను దించి, రోటి పొత్రం రెండు చేతులా ఎత్తి టైలు మీద వేసింది. మళ్లీ... మళ్లీ...

"తప్పయిపోయింది తల్లీ... నా బిడ్డను వదిలెయ్..."

టైలు పగిలింది. గాలి బుస్సుమని గొట్టంలోకి పోయింది. పరదాలు వాలిపోయాయి. లైటు ఆరింది. అంతా నిశ్శబ్దం.

"ఆకలేస్తోందమ్మా," అంది కీర్తన, ఏమీ జరగనట్టు లేచి కూర్చుని. పెదవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ప్రసన్నలక్ష్మి ఏడుస్తూనే నవ్వింది. బిడ్డ దక్కింది, ఇంకేం కావాలి! పొగలు కక్కుతున్న అన్నంలో పప్పు కలిపి ముద్ద అందించింది.

"కాలుతుందే. ఊదుకో."

కీర్తన బుగ్గలు పూరించి ఊదింది. ముద్ద మీది ఆవిరి కదల్లేదు.

"గట్టిగా ఊదు తల్లీ..."

మళ్లీ ఊదింది. ఆవిరి నిటారుగా లేస్తూనే ఉంది.