తోలు కొలత

లారీ ఎనిమిదింటికి వస్తానంది. ఇంకా ఏడే అయింది. తల్లి పొయ్యి మీద పాలు పెట్టి, దెబ్బతిన్న తుంటిని గట్టుకి ఆనించి, సన్నటి గరుకు కాగితంతో కళ్లెం కడ్డీని రుద్దుతోంది. గుర్రం నోట్లో నాలుక మీద ఉండే ఆ ఇనుప కడ్డీని ఆమె తండ్రి స్వయంగా కొలత తీసి కమ్మరి చేత చేయించాడు. ప్రతి శనివారం దాన్ని మెరిపించడం ఆమెకు ఇరవై రెండేళ్ల అలవాటు.

“గుర్రాన్నే పంపించేస్తుంటే ఇంకా ఎందుకమ్మా రుద్దడం?” అంది కూతురు.

“గుర్రం పోతుంది. కడ్డీ ఇంట్లోనే ఉంటుంది కదే.”

పోయిన ఆదివారం డ్రెస్సాజ్ పోటీలో, న్యాయనిర్ణేతల ఎదుట మెల్లగా అడుగులు వేయాల్సిన బుడ్డోడు ఒక్కసారిగా వెనక కాళ్ల మీద లేచాడు. వాడు భుజమెత్తు పొట్టి గుర్రం. ఆ పిల్లకి తొమ్మిదో ఏట వచ్చాడు, ఇప్పుడు ఆమెకు పదిహేను. ఆ సాయంత్రమే తాతయ్య లారీవాడికి ఫోన్ చేశాడు. లారీ వెళ్లేది కబేళాకి. ఆ ఇంట్లో దీని మీద వాదన ఉండదు. ఇరవై రెండేళ్ల కిందట తల్లి మచ్చల గుర్రం ఇలాగే లేచి ఆమె మీద వెనక్కి పడింది. తుంటి ఎముక నుజ్జయింది. మర్నాడే ఆ గుర్రమూ లారీ ఎక్కింది.

గుర్తుగా బుడ్డోడి తోక వెంట్రుకలు నాలుగు కత్తిరించుకుందామని పిల్ల తాతయ్య కుట్టు గదిలోకి వెళ్లింది. కత్తెర కోసం సొరుగు లాగితే మడిచిన చీటీ దొరికింది. పోటీలో కళ్లేలు తనిఖీ చేసే అధికారి రాసింది. ‘కడ్డీ మందం తొమ్మిది మిల్లీమీటర్లు. పదికి తగ్గితే పోటీలో చెల్లదు. వెడల్పు కూడా చాలక పెదవులు నలుగుతున్నాయి. మార్చండి.’

పిల్ల పరుగున గుర్రపుశాలకు వచ్చింది. తాతయ్య బుడ్డోడి మెడకి తాడు వేస్తున్నాడు.

“ఈ చీటీ ఎందుకు దాచావు తాతయ్యా?”

“దాచలేదు, పక్కన పెట్టాను. నలభై ఏళ్లుగా జీన్లు కుడుతున్నాను. నిన్నగాక మొన్న వచ్చినవాడు నాకు కొలతలు నేర్పుతాడా?”

“తొమ్మిది అని రాశాడు. నువ్వు పదకొండుతో చేయించానంటావుగా. మిగతా రెండూ ఏమయ్యాయి?”

గుమ్మంలోంచి తల్లి గొంతు వినిపించింది. “నేనే అరగదీశాను.” ఆమె చేతిలో ఇంకా ఆ గరుకు కాగితం, కడ్డీ ఉన్నాయి.

తాతయ్య తల విదిల్చాడు. “మందం సంగతి సరే. వెడల్పు మాత్రం నా కొలత. మచ్చలదానిదీ వీడిదీ ఒకే మూతి. దానికి సరిపోయిన ఇదే కడ్డీ వీడికి ముల్లైపోయిందా?”

“అయితే కొలిచి చూపించు.”

“గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించిందట,” అంటూ ఆయన బుడ్డోడి నోట్లోంచి పురికొస దూర్చాడు. రెండు కొసలూ పట్టి, పెదవులు లోపలికి నొక్కుకుపోయేలా బిగించి, గోటితో గుర్తు పెట్టాడు. కడ్డీ పక్కన పెడితే సరిగ్గా సరిపోయింది. “వెంట్రుకవాసి తేడా లేదు, చూసుకో.”

పిల్ల నున్నటి కర్రపుల్ల తీసుకుంది. పెదవులు ముట్టుకోకుండా నోట్లో అడ్డంగా పెట్టి, రెండు వైపులా పెన్సిలుతో గీసింది. కడ్డీ కన్నా వేలెడు ఎక్కువ వచ్చింది.

“నీ కొలత ఎందుకు తగ్గింది తాతయ్యా?”

“బిగించి కొలవాలే పిచ్చిదానా. తోలు పట్టీ ఏదైనా వేలెడు తక్కువే కోస్తాం. వాడగా వాడగా తోలు సాగి...”

ఆయన ఆగిపోయాడు. బుడ్డోడి పెదవి మూల ఎర్రటి పుండు ఆయన కళ్లకి ఇప్పుడు కనిపించింది.

“ఇనుము సాగదు నాన్నా,” అంది తల్లి మెల్లగా.

బుడ్డోడితో పాటు వచ్చిన పాత కళ్లెం మేకుకి దుమ్ముపట్టి వేలాడుతోంది. దాని కడ్డీ లావైనది, వెడల్పైనది. తాతయ్య దాన్ని ఏనాడూ వాడనివ్వలేదు. పిల్ల కడిగి, పుండుకి తగలకుండా ఒక్క నిమిషం పెట్టి చూసింది. బుడ్డోడు తల ఎగరేయలేదు. రెండుసార్లు నమిలి, మూతి దించి ఊరుకున్నాడు. ఆ నెమ్మది చూడలేక ముసలాయన గోడ వైపు తిరిగాడు.

వీధిలో హారన్ మోగింది. లారీవాడు తలుపు తోసుకుని వచ్చాడు. “ఏదండీ ఎక్కించేది?”

“ఏదీ లేదు,” అన్నాడు తాతయ్య. “ఇరవై రెండేళ్ల కిందట ఇక్కణ్ణించి ఒక మచ్చల గుర్రాన్ని తీసుకెళ్లావు. గుర్తుందా?”

“ఎన్నో తీసుకెళ్తుంటాం. ఏదని గుర్తుపెట్టుకోనండీ?”

“అది మనిషి మీద పడే పొగరుబోతు గుర్రమని చెప్పి ఎక్కించాను. కాదయ్యా. నోరు నొప్పెట్టి లేచింది. చెప్పుకోవడానికి దానికి అంతకన్నా దారి లేదు.”

లారీవాడు తలుపు దగ్గరకి లాగి వెళ్లిపోయాడు. తాతయ్య తన కూతురి దగ్గరికొచ్చి, ఆమె తుంటి వైపు చూడలేక నేల చూశాడు. “నీ తుంటి విరిచింది అది కాదు తల్లీ.”

తల్లి ఆయన చేతిలో ఇంకా బిగిసే ఉన్న పురికొసని ఒక్కో వేలూ విడదీసి తీసుకుంది. తర్వాత ఆ చేతినే మొహానికి అదుముకుని ఏడ్చింది.