పాతరలో పడ్డ లాంతరు

నారాయణఖేడ్‌లో పాత ఇల్లు అంత చవగ్గా వస్తుంటే ఎవరైనా ఎందుకని అడుగుతారు. సంగమేశ్ అడగలేదు. కొని, బాగుచేసి, మంచి ధరకి అమ్మేద్దామన్న ఆశ అడగనిస్తే కదా! బ్యాంకువాళ్లు కాదన్నారు. ఫైనాన్స్ శివరాజ్ సరేనన్నాడు. కొనడానికి సగం ముందు ఇస్తాడు, మరమ్మతుకి మిగతాది నేల పరిచాక. పూచీ కింద కంగ్టిలో ఉన్న కంది చేను రాయించుకున్నాడు. అది భార్య శైలశ్రీకి పుట్టింటివాళ్లు ఇచ్చింది. రేపు సాయంత్రం శివరాజ్ వచ్చేసరికి నేల తయారు కాకపోతే చేను అతనిదే.

నేల పరచడానికి మిగిలింది నడిమిల్లు ఒక్కటే. మేస్త్రి యాదయ్య అక్కడ పాత గచ్చు తవ్వుతుంటే గడ్డపారకి బండ తగిలింది. పక్కకి జరిపితే కింద వెనకటివాళ్లు జొన్నలు దాచుకున్న పాతర. ముక్కిన వాసన ముఖాన కొట్టింది. యాదయ్య తాడుకి లాంతరు కట్టి లోపలికి దించాడు. పాతరలో దిగేముందు ఎవరైనా చేసే పనే అది. దీపం ఆరితే గాలి చెడ్డదన్నట్టు. సగం దిగకముందే ఆరిపోయింది.

రెండు దినాలు గాలి ఆడనిచ్చి, లోపల చూసి, మట్టితో నింపుదామన్నాడు యాదయ్య. సంగమేశ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండు దినాలాగితే నా చేను పోతది," అన్నాడు.

యాదయ్య లాంతరు లోపలే వేలాడదీసి, తన ఊరు కల్హేర్‌కి ఆటో అందుకోవాలంటూ చేతులు కడుక్కోవడానికి పోయాడు. సంగమేశ్ సిమెంటు కోసం బజారుకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మి ఇల్లంతా చీకటిగా ఉంది. కరెంటు లేదు. యాదయ్య లేడు. తడి సున్నం వాసన... దాని వెనక జొన్నల వాసన. పాతరలోకి వేలాడుతున్న తాడు మెల్లగా ఊగుతోంది.

గాలి లేదు. అయినా ఊగుతోంది...

కిందినుంచి గుసగుసగా, యాదయ్య గొంతు.

"గాలి మంచిగుంది అన్నా... జర దిగు."

సంగమేశ్ వెనక్కి గెంతాడు. యాదయ్య ఈపాటికి కల్హేర్‌లో ఉంటాడు. మరి ఇదేంది? తాడు విప్పి లోపలికి పడేశాడు. ఉన్న బలమంతా పెట్టి బండని నెట్టాడు. కిందినుంచి దెబ్బలు... ఆ తర్వాత ఏమీ లేదు.

పొద్దున్నే యాదయ్య గుమ్మంలో కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. నిన్నటిదంతా తన పిరికితనమే అనుకున్నాడు సంగమేశ్. యాదయ్య తల వంచుకుని, ఒక్క మాటైనా లేకుండా, బండ మీదే కాంక్రీటు పోసి టైల్స్ పరిచాడు. పాతర ఊసే ఎత్తలేదు.

సాయంత్రం శివరాజ్ వచ్చాడు. నేల నునుపుగా ఉందని మెచ్చుకుని, అక్కడే నిలబడి మిగతా డబ్బు పంపించాడు. చేను నిలిచింది. సంగమేశ్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

శివరాజ్ ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే సంగమేశ్ ఫోన్ మోగింది. యాదయ్య భార్య కల్లమ్మ.

"అన్నా, మా ఆయన రాత్రి ఇంటికి రాలే. పని కాడనే ఉన్నడా?"

సంగమేశ్ తలెత్తాడు. తలుపు పక్కన యాదయ్య అటు తిరిగి నిలబడి, మేకుకి లాంతరు తగిలిస్తున్నాడు. అదే లాంతరు. నిన్న పాతరలో పడ్డ లాంతరు.

గడ్డపార చేతికందేంత దూరంలోనే ఉంది. నేల పగలగొడితే బండ కింద ఎవరున్నారో తెలిసిపోతుంది. కానీ శివరాజ్ గుమ్మం దాటనే లేదు, చూస్తే చేను పోతుంది...

"ఉన్నడు చెల్లె," అన్నాడు సంగమేశ్. "ఇక్కడనే ఉన్నడు."

లాంతర్లో దీపం నిశ్చలంగా వెలుగుతోంది.