నేల కింది వాళ్ళకి నీళ్ళు

ఇర్వింగ్‌లోని తెలుగు చర్చిలో ఆ వారం సండే స్కూల్ పాఠం అబ్రాహాము. ఆయన పుట్టి పెరిగిన ఊర్ పట్టణంలో ఇళ్ళెలా ఉండేవో మట్టితో చేసి చూపిస్తానని సలోమి పిల్లలకి మాటిచ్చింది. శనివారం సాయంత్రం, బిర్యానీ వచ్చిన అల్యూమినియం ట్రే కడిగి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, క్రాఫ్ట్ క్లే పిసుకుతూ కూర్చుంది. చుట్టూ గదులు, మధ్యలో మండువా. బొమ్మిల్లు ముద్దుగానే వచ్చింది.

పాఠం కోసం చదువుతున్నప్పుడు ఒక సంగతి ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. అక్కడి ప్రాచీన సుమేరియన్ల కాలంనుంచీ ఆ దేశంలో చాలామంది, తమవాళ్ళు చనిపోతే ఇంటి నేల కిందే పెట్టుకునేవారట. పైనుంచి మట్టి గొట్టం దించి, పేరుపెట్టి పిలిచి, అందులో నీళ్ళు పోసేవారట. పోసే దిక్కు లేకపోతే ఆ ఆత్మలు దాహంతో తిరుగుతాయని వాళ్ళ నమ్మకం.

అబ్రాహాము తోడబుట్టిన హారాను ఆ పట్టణంలోనే, తండ్రి బతికుండగానే చనిపోయాడు. తర్వాత ఆ కుటుంబం ఊర్ వదిలి కనాను దారి పట్టింది. మరి హారానుకి నీళ్ళెవరు పోశారు? కన్నతల్లి ఆ గడప ఎలా దాటింది? బైబిల్లో ఆవిడ పేరైనా లేదు.

సలోమికి ఆ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన చలికాలం, ఇర్వింగ్‌కి రాకముందు, అరోరాలో ఉన్నప్పుడు ఆమెకి కొడుకు పుట్టాడు. రెండు రోజులుండి పోయాడు. నెల తిరక్కుండానే భర్త రాజీవ్ ప్రాజెక్ట్ అయిపోయింది. వీసా నిలవాలంటే ఇర్వింగ్‌లో దొరికిన జాబ్‌లో చేరక తప్పలేదు. పిల్లాణ్ణి మంచు కింద వదిలేసి, మొగుడూ పెళ్ళాలు కార్లో వచ్చేశారు. చర్చికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించి పేరు పెడదామని ఆగారు కాబట్టి సమాధి రాయి మీద పేరు కూడా లేదు. సలోమి మాత్రం కడుపుతో ఉన్నప్పుడే ఒక పేరు అనుకుంది. రాజీవ్‌కి కూడా చెప్పకుండా దాచుకుంది.

లావుపాటి బబుల్ టీ స్ట్రాకి మట్టి మెత్తి, బొమ్మింటి నేలలో నిలబెట్టింది.

"ఏంటది, చిమ్నీయా?" అన్నాడు రాజీవ్ లాప్‌టాప్ లోంచి తలెత్తి.

"నేల కింది వాళ్ళకి నీళ్ళు పోసే గొట్టం."

"పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండన్నాట్ట. పిల్లలు జడుసుకుంటే వాళ్ళ పేరెంట్స్ పాస్టర్‌గారికి కంప్లైంట్ చేస్తారు," అని నవ్వి మళ్ళీ పనిలో పడ్డాడు.

గొట్టం పని చేస్తుందో లేదో చూద్దామని సలోమి స్పూన్‌తో నీళ్ళు పోసింది. పోస్తూ, ఎవరికీ వినపడకుండా, "తాగు కన్నా," అంది.

నీళ్ళు ట్రేలోకి కారాలి. కారలేదు.

గ్లాసుడు పోసింది. జగ్గు తెచ్చి వంచింది. ట్రే పొడిగానే ఉంది. గొట్టంలోంచి వాసన వచ్చింది... ఏళ్ళ తరబడి మూసిన గది తలుపు తీసినట్టు. ఆ తర్వాత చప్పుడు. గుటక. ఇంకో గుటక.

సలోమికి భయం వేయలేదు. ఏడుపొచ్చింది. "రాజీవ్... మనవాడు. ఎంత దాహంగా ఉన్నాడో చూడు."

రాజీవ్ వచ్చి ట్రే ఎత్తి చూశాడు. తేలిగ్గా ఉంది. కింద టేబుల్ మీద తడి లేదు. ట్రే దించి, గొట్టం దగ్గర చెవి పెట్టాడు.

"ఆపు సలోమీ," అన్నాడు గుసగుసగా. "మనవాడు పాలు కూడా సరిగ్గా తాగలేదు. ఆ గుటకలు విను... అవి పెద్దవాళ్ళవి."

ఆమె వింది. నిజమే. కన్నా అని పిలిస్తే ఏ తల్లి కన్నవాడైనా వస్తాడు. ఎవరు వదిలేసి వెళ్ళిన కొడుకో వచ్చాడు పాపం. పేరుపెట్టి పిలిస్తే తనవాడే వస్తాడనుకుంది. వంగి, గొట్టానికి నోరు ఆనించి, దాచుకున్న పేరు చెప్పింది.

గుటకలు ఆగాయి.

కింద ఎవరో ఆ పేరు అన్నారు. నోరు తిరగక, ముక్కలు ముక్కలుగా. మళ్ళీ అన్నారు. ఈసారి స్పష్టంగా, అది తన పేరే అన్నట్టు.

"అమ్మా... నీళ్ళు."

మగగొంతు. వయసు మళ్ళిన గొంతు.

"వాడు కాదు," అన్నాడు రాజీవ్ ఆమె చెయ్యి పట్టుకుని. "మళ్ళీ పిలువు. నీ గొంతు వింటే మనవాడే వస్తాడు. పిలువు."

సలోమి నోరు తెరిచింది. పేరు రాలేదు. రోజూ నిద్రపోయే ముందు తలుచుకునే పేరు... ఆ కింది గొంతు లాగేసుకున్నట్టు, ఇప్పుడక్కడ ఏమీ లేదు. "నువ్వూ విన్నావుగా. చెప్పు," అంది. రాజీవ్ పెదాలు కదిలాయి. అతనికీ గుర్తు రాలేదు.

అప్పుడు చాలా లోతునుంచి పసిపిల్లాడి ఏడుపు వినిపించింది. ఆమెకి తెలుసు. ఆ రెండు రోజులూ విన్న ఏడుపే.

"ఇక్కడున్నాను నాన్నా," అంది. ఏడుపు దూరమవుతోంది... ఆగమని చెప్పాలన్నా ఏమని పిలవాలి? గుండె చెరువైపోయి, తోచిన పేరల్లా పిలవడం మొదలుపెట్టింది. బైబిల్లోవి, బంధువులవి, సండే స్కూల్ పిల్లలవి.

ప్రతి పేరుకీ గొట్టంలోంచి "అమ్మా" అని ఒక కొత్త గొంతు పలికింది. వాటిల్లో తన కొడుకుది లేదు.