నాయనమ్మ వైపు తివాచీ

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి యల్దాకి ఆకలి దంచేస్తోంది. అమ్మా నాన్నా ఇంకా దుకాణంలోనే ఉన్నారు. నాయనమ్మ పక్క గదిలో కునుకు తీస్తోంది.

సుఫ్రా గుడ్డ పరుచుకుని దాని మీదే తినమని అమ్మ వందసార్లు చెప్పింది. ఒక్క గిన్నె కోసం అంత గుడ్డ ఎవరు పరుస్తారు? యల్దా గిన్నెను తివాచీ మీదే పెట్టుకుంది. మోకాలు తగిలి గిన్నె కాస్తా బోర్లా పడింది.

దానిమ్మ రసంలో ఉడికించిన అక్రోటు కూర. నల్లగా, చిక్కగా ఉంటుంది. తివాచీ ఏమో మీగడ రంగు.

ఆ తివాచీ కొన్నప్పుడే ఇంట్లో పెద్ద రభస జరిగింది. "తినే గదికి ముదురెరుపు తీసుకో. మరక పడినా కనబడదు," అంది నాయనమ్మ. ఇరాన్‌లోని కాషాన్ ఊళ్ళో పెళ్ళికి ముందు పదేళ్ళు మగ్గం మీద తివాచీలు నేసిన మనిషి ఆవిడ. అమ్మ వింటేగా! మీగడ రంగుదే ముచ్చటపడి కొంది.

యల్దా వేడినీళ్ళు తెచ్చి బరబరా రుద్దింది. అరచేయంత మరక పళ్ళెమంత అయింది. ఏడుపొచ్చింది. అప్పుడు ఒక ఉపాయం తట్టింది.

ఒకే వైపు అరిగిపోకుండా ఆర్నెల్లకోసారి తివాచీ తిప్పడం ఆ ఇంట్లో మామూలే. ఇంకా ఆ వేళ రాలేదు. అయినా యల్దా ఈ చివర ఆ చివరకి వచ్చేలా తిప్పేసింది. తలుపు దగ్గర తన చోట్లో ఉన్న మరక, గదికి ఆ చివర నాయనమ్మ కూర్చునే చోటికి చేరింది. నాయనమ్మ దిండునే లాగి దాని మీద పెట్టింది. అంత లావు దిండు కింద ఎవరు చూస్తారు?

మర్నాడు పొద్దున్నే, టిఫిన్ వేళ, అమ్మ దిండు సర్దబోయి ఎత్తింది.

"అత్తయ్యా! ఏంటిది?"

నాయనమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని వంగి చూసింది. "నేనా ఒలికించాను? నాకు గుర్తే లేదమ్మా."

"మీ చోట్లో మీరు కాక ఇంకెవరు? ఈ రంగు వద్దని అప్పుడే సణిగారుగా. ఇప్పుడు మీ పంతం నెగ్గిందిలెండి."

యల్దా రొట్టె నములుతూనే ఉంది. నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. పిరికితనం ఎంత సులువో చూడండి, ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు.

ఆ రోజు నుంచి నాయనమ్మ కింద ప్లాస్టిక్ షీటు పరిచారు. ఇంకెవరికీ లేదు, ఆవిడకే. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో అందరికీ టీ పోసేది నాయనమ్మే. మళ్ళీ ఒలికిస్తారని ఆ పని కూడా అమ్మ తీసేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. నాయనమ్మ చెంచా ఆపి తివాచీ వంక చూసింది.

"ఇక్కణ్ణించి చూస్తే ఇది లేతగా మెరిసేది. ఉన్ని అటు వాలి ఉంటుంది కదా. ఇంకా తిప్పనైనా లేదు, ఇప్పుడు ముదురుగా, మసగ్గా ఉందేంట్రా?" అని నాన్నని అడిగింది.

"కళ్ళ డాక్టరుకి చూపిద్దాంలే అమ్మా," అన్నాడు నాన్న రొట్టె తుంచుకుంటూ.

"చేతులే పోయాయనుకున్నాను. కళ్ళు కూడా పోయాయన్నమాట." నాయనమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. "రేపట్నుంచి నాకు వంటింట్లోనే పెట్టెయ్యమ్మా. షీటు పరిచే బాధ తప్పుతుంది."

యల్దా చెంచా కింద పెట్టింది. నాయనమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి. తిరిగింది తివాచీ.

"తివాచీని నేనే తిప్పాను," అంది. "మరక నాది. వేడినీళ్ళతో రుద్దింది కూడా నేనే."

అమ్మ ముఖం కందిపోయింది. ప్లాస్టిక్ షీటు లాగి మడతపెట్టబోయింది. మడత సరిగ్గా రాలేదు.

"నన్ను లేపాల్సింది," అంది నాయనమ్మ. "చన్నీళ్ళతో అద్దితే పోయేదే. రుద్దావు కదా, ఇక పోదు."

ఆ గొంతులో కోపం కూడా లేదు. అదే యల్దాకి మరీ కష్టంగా అనిపించింది.

సుఫ్రా ఎత్తాక యల్దా తివాచీని మళ్ళీ తిప్పింది. మరక తలుపు దగ్గరికి వచ్చింది. దాని మీద ఏమీ కప్పకుండా, దాని పక్కనే కూర్చుంది.

నాయనమ్మ తన చోటు నుంచి చూసింది. "లేతగానే ఉంది," అంది మెల్లగా.

అమ్మ తలెత్తకుండా టీ కెటిల్ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. నాయనమ్మ చేయి చాచింది. మళ్ళీ ఒళ్ళోకి తీసేసుకుంది. "నువ్వే పొయ్యమ్మా. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

అమ్మ కెటిల్ అందుకోబోయింది. యల్దా అమ్మ చేతిని ఆపింది. తన గ్లాసు నాయనమ్మ ముందుకి చాపి అలాగే పట్టుకుంది. చెయ్యి పీకుతున్నా దించలేదు.