కల్వర్టు దగ్గర దిగే అద్దం

మదనపల్లెలో గంగప్ప షెడ్డు ముందు, నా కారు ఎడమవైపు వెనక డోరు అట్ట ఊడదీసి, మేమిద్దరం దాని కడుపులోకి తొంగి చూస్తూ కూర్చున్న ఆదివారం నుంచి చెబుతాను. అంతకు ముందు జరిగిందంతా మామూలు రిపేరే.

నేను ఐటీఐలో కరెంటు పని నేర్పుతాను. చేరిన రోజే పిల్లలకు ఒక మాట చెబుతాను. వైరు అబద్ధం చెప్పదు, చెప్పేది మనుషులే అని. గంగప్ప ఆటో ఎలక్ట్రీషియన్, నలభై ఏళ్ళ చెయ్యి. ఆయన టెస్టు లైటు పట్టుకుంటే నేను మీటరు పట్టుకున్నాను. ఫ్యూజు బాగుంది. స్విచ్చు బాగుంది. డోరు మడత దగ్గర వైర్లు ఎక్కడా తెగలేదు. మోటారు కొత్తదే, పోయిన నెల ఆయనే వేశాడు.

"ఇంగ ఇప్పేదానికేమీ మిగల్లేదు వీణమ్మా," అన్నాడు గంగప్ప. "ఇది బండి రోగం మాదిరి లేదు. అమ్మేయ్."

"అమ్మను."

"పోనీ, గుమ్మడికాయన్నా కొట్టు."

"అద్దానికి దిష్టి ఏందప్పా? మోటారు వైరు పీకేసి, కింద చెక్క పెట్టి బిగిద్దాం. అప్పుడు ఎట్ట దిగుతాదో నేనూ సూస్తా."

ఆయన నవ్వలేదు. వేపచెక్క ముక్క కోసి, అద్దం కింద గట్టిగా దిగ్గొట్టి, వైరు పీకి టేపు చుట్టాడు. ఆ అద్దం ఇక ఏనుగు వచ్చి లాగినా దిగదని నాకు నమ్మకం కలిగింది.

దాని జబ్బు ఒకటే. బుధవారం, శనివారం అమ్మను డయాలిసిస్‌కు పుంగనూరు నుంచి కుప్పం తీసుకుపోతాను. దగ్గరలో ఎక్కడా మిషను ఖాళీ దొరకలేదు. పోయేటప్పుడు అద్దం ఏమీ చేయదు. తిరిగి వచ్చేటప్పుడు, పలమనేరు దాటాక ఒక కల్వర్టు ఉంది, సరిగ్గా అక్కడ తనంతట తాను కిందికి దిగిపోతుంది. మళ్ళీ పుంగనూరు వచ్చేదాకా ఎక్కదు. ఆ దుమ్మూ చలిగాలీ అమ్మ ముఖానికి కొడతాయి. రక్తం కడిగించుకుని వచ్చే మనిషికి అది చాలు, రెండు రోజులు లేవదు.

మా అమ్మ పేరు మారెమ్మ. టమాట తోటల్లో కూలి చేసి నన్ను చదివించింది. బస్సులో ఆమె ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి "జరుగు" అనేవాళ్ళు. జరిగేది. ఇంకొకరు వచ్చేవాళ్ళు. ఇంకా జరిగి, చివరికి లేచి నిలబడేది. చిన్నప్పుడు అది చూసి నా ఒళ్ళు మండిపోయేది. డయాలిసిస్ మొదలయ్యాక కూడా ఒకరోజు కుప్పం బస్సులో అలాగే నిలబడి వచ్చి, ఇంటి గడపలో పడిపోయింది. ఆ నెలే ఈ పాత కారు కొన్నాను. కూలోళ్ళకు కారేమిటని వీధిలో మూతులు తిప్పినవాళ్ళ ముందు నుంచే రెండుసార్లు హారను కొట్టుకుంటూ పోయాను. వెనక సీటులో ఎడమవైపు అమ్మను కూర్చోబెట్టి, "ఈ కారులో నిన్ను జరుగు అనేవాళ్ళు ఎవరూ ఉండరు," అని చెప్పాను. అమ్మ సీటును చేత్తో తడిమి చూసుకుంది.

మాట్లాడే ఓపిక లేనప్పుడు ఆమె తన చేతి రాగి కడియంతో అద్దం మీద రెండుసార్లు తడుతుంది. టక్, టక్. ఆపమని. ఆ చప్పుడు నాకు ఎంత నిద్రలో ఉన్నా వినిపిస్తుంది.

చెక్క బిగించిన తరువాతి బుధవారం, పొద్దు గుంకే వేళకు ఆ కల్వర్టు దగ్గరికి వచ్చాం. రోడ్డుకు రెండు పక్కలా తంగేడు పొదలు. కల్వర్టు కింద నీళ్ళు లేవు, ఎండిన ఇసుకే. నేను అద్దం వైపు చూడకూడదని పంతం పట్టి ముందుకే చూస్తున్నాను.

గాలి చప్పుడు లోపలికి వచ్చింది.

బ్రేకు వేసి వెనక్కి తిరిగాను. అద్దం పూర్తిగా దిగి ఉంది. గంగప్ప దిగ్గొట్టిన వేపచెక్క అమ్మ పక్కన సీటు మీద ఉంది. దాన్ని ఎవరో చక్కగా పెట్టినట్టు ఉంది. చేతిలోకి తీసుకుంటే తడి. వాన పడి నాలుగు నెలలైంది... కారు నిండా సాంబ్రాణి వాసన, చావుల్లో చల్లే బొరుగుల వాసన.

"మే, పద," అంది అమ్మ, నన్ను ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే, గొంతు తగ్గించి. "బండి ఆపొద్దు."

అనుమానం పెనుభూతం అంటారు. నాకు అనుమానం కాదు, కోపం వచ్చింది. ఆ రాత్రే, కారు నాకు అమ్మిన గుర్రంకొండ వ్యాపారి రాజేంద్రకు ఫోను చేశాను. బేరం ఆడిన రోజు గంటసేపు వాగిన మనిషి, కల్వర్టు అనేసరికి ఒక్కో మాటే తీసి పెట్టాడు.

"మాయమ్మ సరస్వతమ్మ కుప్పం ఆస్పత్రిలో పోయింది. ఆ కార్లోనే తెస్తాంటిమి."

శవాన్ని బండిలో తెచ్చేటప్పుడు తల పక్క అద్దం దించి పెడతారు. మలుపు వచ్చినా వంతెన వచ్చినా "ఇంటికి పోతాండాం, మాతో రా" అని పిలుస్తారు. ప్రాణం దారిలో నిలిచిపోకూడదని. మా పక్క చాలా ఇళ్ళలో చేసేదే.

"దోవంతా పిలస్తానే వచ్చినాం," అన్నాడు రాజేంద్ర. "ఆ కల్వర్టు కాడ వాన పట్టుకునింది. అమ్మ మొగం మీద సినుకులు పడతాండాయని నేనే అద్దం ఎక్కించినా. మళ్ళా దించేది మరిసిపోయినా. పిలిసేదీ మరిసిపోయినా."

"ఎనక్కి పోయి పిలుసుకోని రావాల్సింది."

"బయపడినానమ్మా."

"మీయమ్మే గదా, యాల బయం?"

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కన్నతల్లిని రోడ్డు మీద వదిలేసి, ఆ కారును నాకు అంటగట్టిన మనిషి మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే నాకు ఒక ఉపాయం తోచింది. ఆమెకు కావలసింది ఇల్లు చేరడం. చేర్చేస్తే నా అద్దం నాకు మిగులుతుంది, మా అమ్మ నాకు మిగులుతుంది. లెక్క సరిపోయిందనుకున్నాను.

శనివారం కల్వర్టు దగ్గర నేనే కారు ఆపాను.

ఇంజను ఆపగానే పురుగుల చప్పుడు కూడా ఆగిపోయింది. వైరు లేని మోటారు లోపల సన్నగా తిరిగింది. అద్దం దిగింది. నిదానంగా... చివరిదాకా. వాసన మొదలైంది.

గొంతు గట్టిగా పెట్టాను.

"సరస్వతమ్మా, గుర్రంకొండకు పోతాండాం. మీ ఇంటికాడ దింపుతా. ఎక్కు. ఇంగ మా జోలికి రావద్దు."

"వద్దే," అంది అమ్మ, వినీ వినిపించనట్టు. "మే... వద్దు. ఈడ చోటు యాడుండాది?"

"దింపేసి వస్తే పీడ పోతాదిమా. కొంచెం జరుగు."

నా ముందున్న చిన్న అద్దంలో అమ్మ నా కళ్ళలోకి చూసింది. చేతులు ఊనుకుని కుడివైపుకు జరిగింది. సీటు కిర్రుమంది. ఒకసారి కాదు, రెండుసార్లు. తరువాత అద్దం తనంతట తాను పైకి ఎక్కి మూసుకుంది.

పుంగనూరులో మా వీధి మలుపు వచ్చినా ఆపలేదు. మదనపల్లె దాటాను. ప్రతి మలుపులో, ప్రతి వంతెన మీద "ఇంటికి పోతాండాం, మాతో రా" అన్నాను. వెనక నుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది. అది ఒకరిదో ఇద్దరిదో తెలుసుకోవాలనిపించలేదు.

గుర్రంకొండలో కోట కింద రాజేంద్ర ఇల్లు చీకటిగా ఉంది. గేటుకు తాళం. తాళం మీద తుప్పు. నేను దిగి, ఎడమవైపు డోరు బార్లా తీసి, "ఇల్లొచ్చింది, దిగు," అన్నాను. పది నిమిషాలు నిలబడ్డాను. ఎవరూ దిగిన చప్పుడు రాలేదు. "నేను చెప్పినట్టే తెచ్చినా. తలుపు తీయకపోతే నీ కొడుకును అడుక్కో," అని లోపలికి వంగి చూశాను. అమ్మ మళ్ళీ ఎడమవైపే కూర్చుని, కళ్ళు మూసుకుని ఉంది. చోటు ఖాళీ అయింది కాబట్టే జరిగిందనుకున్నాను. డోరు వేసి, గర్వంగా ఇంటికి వచ్చాను.

ఆ తరువాత నెల రోజులూ అద్దం దిగలేదు. గంగప్ప మోటారు వైరు కలిపి ఇచ్చాడు. స్విచ్చు నొక్కితే దిగింది, ఎత్తితే ఎక్కింది. దానికన్నా ముఖ్యం, అమ్మ బాగుపడింది. రెండు రోజులు లేవని మనిషి ఇంటికి వచ్చిన సాయంత్రమే రాగిసంకటి తిని, వాకిట్లో నడిచేది. నాకు పట్టరాని సంతోషం. నన్ను "మే" అనడం మానేసి "అమ్మణ్ణీ" అంటుంటే ముద్దనుకున్నాను. చేతికి కడియం లేదేమిటంటే, జారిపోయిందిలే అంది. బాగుపడుతున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? నేను మాత్రం అనుమానించి ఉండాల్సింది. ఆమె కడుపున పుట్టినదాన్ని నేనే.

మొన్న శనివారం తిరిగి వస్తున్నాం. ఇంకా వెలుతురు ఉంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి వినిపించింది.

టక్. టక్.

అలవాటుగా బ్రేకు వేశాను. "ఏంమా?" అంటూ వెనక్కి తిరిగాను.

అమ్మ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. మణికట్టు బోసిగా ఉంది.

టక్. టక్.

చప్పుడు అద్దం బయట నుంచి వస్తోంది. అద్దానికి అవతల తంగేడు పొదలు, రోడ్డు, ఎవరూ లేరు. తరువాత దగ్గు వినిపించింది. తెల్లవారుజామున టమాట తోటల్లో నీళ్ళు కట్టి కట్టి పట్టిన దగ్గు. నా చిన్నప్పటి నుంచి పక్కన పడుకుని విన్న దగ్గు...

స్విచ్చు మీద వేలు పెట్టాను.

"దించొద్దు అమ్మణ్ణీ," అంది వెనక సీటులో ఉన్న మనిషి, మెత్తగా. "వాన కొడతాది."

నొక్కాను. మోటారు తిరుగుతోంది. అద్దం దిగటం లేదు. మళ్ళీ నొక్కాను. ఫ్యూజు బాగుంది, స్విచ్చు బాగుంది, మోటారు కొత్తది. అద్దం దిగటం లేదు.

భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ బయట నిలబడింది మా అమ్మ, ఆ శనివారం జరుగు అని అక్కడ నిలబెట్టింది నేను. డ్యాష్‌బోర్డులోంచి పెద్ద స్క్రూడ్రైవరు తీశాను. నా పక్క డోరు తెరిచి ఒక కాలు రోడ్డు మీద పెట్టి, వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాను.

"ఆ చోటు మా అమ్మది," అన్నాను. "జరుగు."

బతుకంతా ఆ ఒక్క మాటకు జరిగిన ఒళ్ళు అది. ఈసారి జరగలేదు.

బయట కడియం మళ్ళీ రెండుసార్లు తట్టింది.