మూడో ఎక్కంలో పోయే సంఖ్య

డిటెక్టివ్ గదిలోకి వచ్చిన ఆవిడ కాళ్లకు రెండు వేరువేరు జతల చెప్పులున్నాయి. నిన్న పనికి వెళ్లిన చెల్లెలు ఇంటికి రాలేదనీ, ఉబ్బసం మనిషి, పీల్చే మందు కూడా మరిచిపోయి వెళ్లిందనీ చెప్పింది ఆ అక్క. ఆ మందు ఆవిడ గుప్పిట్లోనే ఉంది. డిటెక్టివ్ సహాయకురాలు, ఒకప్పటి నర్సు, కూర్చోమంటే అక్క వినలేదు.

"కూర్చుంటే మళ్లీ లేవలేనమ్మా," అంది.

చెల్లెలు లెక్కల్లో దిట్ట. బ్యాంకులకు రహస్య సంకేతాలు తయారుచేసే చిన్న సంస్థలో ఉద్యోగం. ఆ పనికి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు కావాలి. అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా పోనివి. వాటిని పట్టిచ్చే పరీక్షను యజమానే కనిపెట్టి కంప్యూటర్లో పెట్టాడు. దాన్ని కొనడానికి ఒక పెద్ద బ్యాంకు ఆ మర్నాడే సంతకం చేయబోతోంది.

ముగ్గురూ అక్కడికి వెళ్లారు. యజమాని మర్యాదగా చెల్లెలి గది చూపించాడు. ఆమె చేతిసంచి కుర్చీకి వేలాడుతోంది. బోర్డు మీద ఒకే ఒక సంఖ్య: 1,19,21,001.

"పొద్దున ఫోన్ చేసిందండీ. ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చిందట, ఒకటే సంబరం. నాలుగు రోజులు ఎటైనా వెళ్లొస్తానంది," అన్నాడు యజమాని.

అక్కకు ప్రాణం లేచొచ్చింది. డిటెక్టివ్ మాత్రం బోర్డు వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కాపలాదారుతో పిచ్చాపాటీగా మాట్లాడాడు. చెల్లెలు బయటికి వెళ్లడం అతను చూడలేదట. తాళంచెవులన్నీ తన దగ్గరే ఉంటాయట, నేలమాళిగది తప్ప. అది నిన్ననే అయ్యగారు అడిగి తీసుకున్నారట. ఆ గది వాడి ఏళ్లయిందని పక్కనే ఉన్న యజమాని చప్పున అందుకున్నాడు.

డిటెక్టివ్ అందరినీ బోర్డు ముందుకు పిలిచాడు.

"ఈ అంకెలన్నీ కూడితే పదిహేను. పదిహేను మూడో ఎక్కంలో పోతుంది, కాబట్టి ఈ సంఖ్యా పోతుంది. బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆవిడ దీన్ని ప్రధాన సంఖ్య అనదు. అన్నది మీ కంప్యూటర్. ప్రధాన సంఖ్యలకుండే ఒక లక్షణాన్ని మీ పరీక్ష చూస్తుంది. ఆ లక్షణం ఉండి కూడా ప్రధానం కాని సంఖ్యలు అరుదుగా ఉంటాయి. అలాంటిదాన్ని ఆవిడ పట్టుకుంది, అది ఏ సంఖ్యో మీకు చెప్పకుండానే బ్యాంకుకు చెబుతానంది. ఆవిడ నోరు మూయించి, మీరు ఈ సంఖ్యను కంప్యూటర్‌కిచ్చి, అది చెప్పిన జవాబుతో ఫోన్ కథ అల్లారు. నేలమాళిగ తాళంచెవి ఇవ్వండి."

"సంతకం అయ్యేదాకానే ఉంచుదామనుకున్నాను," అన్నాడు యజమాని, జేబులో చెయ్యి పెడుతూ.

అక్క మెట్ల మీద పడుతూ లేస్తూ దిగింది. తలుపు వెనకే ముడుచుకుపోయి ఉంది చెల్లెలు, పెదవులు నీలంగా. నర్సు మందు పట్టించింది. కాపలాదారు చెల్లెలిని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. డిటెక్టివ్ పోలీసులు వచ్చేదాకా యజమాని పక్కనే నిలబడ్డాడు.

ప్రాణం దక్కిందనీ, అరిచి అరిచి గొంతు పోయిందనీ, అది ఎప్పటికి వస్తుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. చెల్లెలు కళ్లు తెరిచి పెదవులు కదిపింది. అక్క చెవి ఒగ్గింది. ఏమీ వినబడలేదు.

"తర్వాత చెబుదువుగానిలేవే, పడుకో," అంది అక్క. అని, మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది.