యాడిది ఆడనే

మదనపల్లెలో ప్లైవుడ్ షాపు పైన, మేడ మీది హాల్లో సాయంత్రం క్లాసులు. చెప్పేది గంగాధరం సారు. బెంగుళూరులో చాలా ఏళ్లు ఇళ్లకు ఇంటీరియర్స్ చేసి, సొంతూరి మీద మనసు గుంజి తిరిగొచ్చినవాడు. ఎవరింట్లోనన్నా సోఫా తప్పు చోట కనబడితే ఆయనకు తిన్నది అరగదు. పెళ్లిచూపులకు తోడు రమ్మని పిలిస్తే అమ్మాయిని వదిలేసి పరదాలు చూసి వచ్చాడని క్లాసులో అందరూ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ రోజు మెర్సీకి ఆ నవ్వులు వినబడలేదు. వదిన చనిపోయాక చర్చివాళ్లు జరిపిన ఆదరణ కూడిక అయిపోయాక ఆమె క్లాసుకు రావడం అదే మొదలు. పుంగనూరు నుంచి బస్సులో వచ్చి, గోడ పక్క కుర్చీలో ఒదిగి కూర్చుంది.

"మీ వదిన సంగతి తెలిసిందక్కా," అంది పక్కనున్న మాధవీలత. "ఎంత మంచి మనిషంట."

మెర్సీ తల ఊపింది. మంచి మనిషే. ఆ మాటే ఇప్పుడు ముల్లులా గుచ్చుతోంది.

ఎలిజబెత్ అంటే మెర్సీ భర్త జాన్సన్‌కు అక్క. పుట్టుకతోనే చూపు లేదు. కుప్పంలో కేన్ కుర్చీలు అల్లడం నేర్చుకుని, ఆ పనితోనే తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది. ఇంట్లో ఆమె నడకే వేరు. కుడి అరచెయ్యి గోడకు రాస్తూ, తడబాటు లేకుండా చకచకా తిరిగేది. ఏళ్ల తరబడి కొబ్బరినూనె అంటిన ఆ చెయ్యి తగిలి తగిలి, గోడ పొడుగునా నడుము ఎత్తున నల్లని జిడ్డు చార పడింది. జాన్సన్ దాన్ని 'అక్క గీత' అనేవాడు, ఇంటికి రంగులేసినప్పుడు కూడా దాని జోలికి పోనియ్యలేదు. ఎలిజబెత్ ఇంట్లోవాళ్లను కోరేది ఒక్కటే. యాడిది ఆడనే ఉండాల.

మెర్సీని ఈ క్లాసులో చేర్పించింది కూడా ఆమే. "నాకు లేని సూపు నీకుండాది గదమ్మా. పో, నేర్సుకో. సాయంత్రం వంట నేను సూసుకుంటా," అంది.

సారు చప్పట్లు కొట్టాడు. "ఫోన్లన్నీ గుమ్మం కాడ బుట్టలో ఏసినారా? సరే. ముందు మీరు పంపిన ఫోటోలు సూద్దాం."

మెర్సీకి ఏ ఫోటోలో అప్పుడు గుర్తొచ్చింది. ఏదీ కొనకుండా, ఉన్న సామాను జరిపి ఒక గది అందం మార్చమని సారు పని ఇచ్చాడు. ఫోటో వదిన పోయిన రోజు మధ్యాహ్నమే పంపేసింది. వద్దని చెప్పడానికి లేవబోయేలోపే తెర మీద గది వెలిగింది.

ఎలిజబెత్ గది. మంచం ఎప్పటిలాగే కిటికీ వైపు ఉంది. గడప పక్కన ఆమె స్వయంగా అల్లిన కేన్ స్టూలు, వెనక కిటికీలో పచ్చగా మనీ ప్లాంటు.

"ఇది సూడండి," అన్నాడు సారు మురిసిపోతూ. "ఒక్క స్టూలు జరిపింది, గదికి కళ వచ్చేసింది. సరిగ్గా పెట్టాల్సిన తావులోనే పెట్టినావమ్మా."

అందరూ చప్పట్లు కొట్టారు. 

ఫోటో తీసిన రోజు స్టూలు ఈడ్చిన చప్పుడుకి వంటింట్లోంచి ఎలిజబెత్ అడిగింది: "మెర్సీ, ఏమన్నా జరిపినావా?" మర్నాడు పొద్దున ఎండ పడేటప్పుడు ఇంకో ఫోటో తీసుకోవాలని మెర్సీ ఆశ. జరిపానంటే వదిన వెంటనే తిరిగి పెట్టిస్తుంది. బస్సుకు కూడా వేళ మించిపోతోంది. "లేదు వదినా, యాడిది ఆడనే ఉండాది," అనేసింది. "సరేమ్మా, పదిలంగా పోయిరా," అంది వదిన. అంతే. నమ్మేసింది.

ఆ రాత్రి డెయిరీ పని నుంచి ఇంటికి వచ్చిన జాన్సన్‌కు అక్క గడప మీద ప్రాణం లేకుండా కనబడింది. కాళ్ల దగ్గర బోర్లా పడిన స్టూలు. మధ్యాహ్నం దాని మీద కూర్చుని బూట్లు వేసుకున్నది తానే కాబట్టి, తానే దాన్ని అడ్డంగా వదిలేశానని అతను అందరికీ చెప్పి ఏడ్చాడు. ప్రార్థనలోనూ అదే మాట. మెర్సీ పక్కనే మోకరించి ఆమెన్ అంటోంది. ఒక్క మాట చెబితే ఆ మనిషి మీది బరువు దిగిపోతుంది. ఆ ఒక్క మాటా గొంతు దాటి రావడం లేదు.

టప్పుమని కరెంటు పోయింది.

"ఎవురూ లేయొద్దండి," అన్నాడు సారు. "కింద మెయిన్ సూసి వస్తా." మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు దిగిపోయింది. కిటికీలకు నల్లటి పరదాలు. సందె వెలుగు చుక్క కూడా లోపలికి రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వు కూడా లేదు.

ముందు వాసన వచ్చింది. కొబ్బరినూనె. దాని వెనకే, నీళ్లలో నానబెట్టిన కేన్ వాసన.

"నూనె వాసన వస్తాండాది కదక్కా?" మాధవీలత గుసగుసగా అడిగింది.



గుమ్మం దగ్గర గోడ మీద... సర్ర్... ఆగింది. మళ్లీ... సర్ర్... అరచెయ్యి రాసుకుంటూ వస్తున్న చప్పుడు. తొందర లేదు. తడబాటు లేదు. గోడ మలుపు తిరిగింది. మెర్సీ కుర్చీ వెనక్కి వచ్చి... నిలబడింది.

చెవి పక్కన వెచ్చటి ఊపిరి.

"మెర్సీ... ఏమన్నా జరిపినావా?"

కోపం లేదు ఆ గొంతులో. అదే మెర్సీని ఎక్కువ కోసింది. అవును వదినా అని చెప్పాలనుకుంది. నాలుక పైకి లేచింది. క్లాసు నిండా మనుషులు. అందరూ వింటారు. జాన్సన్‌కు తెలుస్తుంది...

"లేదు వదినా," అంది పెదవులు కదిలీ కదలకుండా. "యాడిది ఆడనే... ఉండాది."

"సరేమ్మా."

అరచెయ్యి మళ్లీ గోడ పట్టుకుంది. సర్ర్... సర్ర్... గుమ్మం వైపు. ఆమె నమ్మింది. మళ్లీ నమ్మింది. "వదినా, ఆగు..." అని మెర్సీ లేచేసరికి...

దభీమని పడిన చప్పుడు.

లైట్లు వెలిగాయి. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. "కింద ప్లైవుడ్ షీటు పడినట్టుండాది," అన్నాడు సారు పైకి వస్తూ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మెర్సీ ఒక్కతే గుమ్మం వైపు చూస్తూ నిలబడి ఉంది.

పుంగనూరు బస్టాండులో జాన్సన్ బైకుతో కాచుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"నేను బయలుదేరే ముందు అక్క గదిలో ఏందో పడిన సద్దయింది," అన్నాడు. "పోయి సూస్తే ఏమీ లేదు. నాకు పిచ్చి పడుతుందేమో మెర్సీ. నేనే గదా సంపుకున్నా అక్కను."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే మంచి అదను రాదు. మెర్సీ అతని భుజం మీద చెయ్యి వేసింది. "అట్ల అనుకోవద్దు," అంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేకపోయింది. ఇల్లు చేరేదాకా బైకు వెనక తనను తాను తిట్టుకుంటూనే కూర్చుంది.

తలుపు తీయగానే కొబ్బరినూనె వాసన.

జాన్సన్ లైటు వేశాడు. గోడ మీద నడుము ఎత్తున అక్క గీత ఎప్పటిలాగే ఉంది. దాని కింద, నేలకు జానెడు ఎత్తులో, ఇంకో గీత. పడినవాళ్లు లేవలేక, పాకుతూ గోడ పట్టుకుంటే చెయ్యి అందేంత ఎత్తులో. ఇంకా తడిగా మెరుస్తోంది. అక్క గది గడప దగ్గర మొదలై, హాలు పొడుగునా వచ్చి, మెర్సీ డ్రాయింగు టేబుల్ ఉండే మూలకు చేరింది. టేబుల్ అక్కడ లేదు. అక్క గది గడప పక్కకు వచ్చి, సరిగ్గా ఆనాడు స్టూలు ఉన్న చోట నిలబడి ఉంది.

జాన్సన్ ఇంకా కింది గీత చూడలేదు. టేబుల్ వైపు చూసి అమాయకంగా అడిగాడు.

"మెర్సీ... నువ్వేమన్నా జరిపినావా?"

వెనక చీకటి గదిలో, నేలకు దగ్గరగా, సర్ర్‌మని పాకుతున్న చెయ్యి చప్పుడు ఆగిపోయింది. జవాబు కోసం.